మర్దన గురించి మా దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో అలిపిరికి పోయే రోడ్డు నుంచి రెండు వీధులు లోపలికి వస్తే, మేడమీద రెండు గదుల్లో నేను మర్దన చేస్తాను. పదిహేనేళ్ళుగా ఇదే పని. మా అవ్వ చంద్రగిరి పక్క పల్లెలో బాలింతలకూ పసిబిడ్డలకూ నీళ్ళు పోసేది. చేతివాటం ఆమె దగ్గర పట్టుకున్నాను, ఎముకలూ కండలూ నరాల సంగతి తర్వాత కోర్సులో చదువుకున్నాను. ఫోన్లోనూ, మెట్ల మీద నిలబడీ, ఒక్కోసారి బల్ల మీద బోర్లా పడుకున్నాక కూడా జనం అడిగేవి దాదాపు ఇవే. నేను డాక్టర్ని కాను. కింద చాలా చోట్ల మిమ్మల్ని డాక్టరు దగ్గరికే పంపుతాను, ఏమీ అనుకోకండి.

కొండకు నడిచి పోయొచ్చాం. కాళ్ళు పట్టేశాయి. ఇప్పుడే వచ్చి గట్టిగా పిసికించుకోవచ్చా?

రావచ్చు. గట్టిగా మాత్రం వద్దు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఎక్కేటప్పుడు పిక్కలూ పిరుదులూ కష్టపడతాయి, ఆయాసం వస్తుంది. అసలు దెబ్బ తగిలేది దిగేటప్పుడు. మెట్టు మెట్టుకూ ఒంటి బరువు ముందుకు తూలకుండా ఆపాల్సింది తొడ ముందువైపు కండరమే. అది సాగుతూనే బిగపట్టుకుని ఉండాలి. అలా సాగుతూ బరువు మోసిన కండలో సన్నటి పోగులు చిట్లుతాయి. అందుకే నడిచి ఎక్కి బస్సులో దిగినవాళ్ళు రెండో రోజుకు తిరుగుతుంటారు, నడిచే దిగినవాళ్ళు గోడ పట్టుకుని నడుస్తారు. ఈ నొప్పి ఆ పూట తెలియదు. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. “నిన్న బాగుండానక్కా, ఈరోజు బాత్రూంలో కూర్చోలేక పోతాండా” అని ఫోన్లు వచ్చేది అందుకే.

దిగొచ్చిన రోజు నీళ్ళు తాగి, అన్నం తిని, గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేసి పడుకోండి. మర్నాడు రండి. పాదం నుంచి పైకి, తేలిగ్గా, నూనెతో పామితే హాయిగా ఉంటుంది. చిట్లిన కండను బొటనవేలితో అదిమితే ఇంకో రెండు రోజులు మంచం పడతారు. అరికాళ్ళు బొబ్బలెక్కి ఉంటే ఆ చోటు నేను ముట్టను.

మసాజ్ చేస్తే లాక్టిక్ యాసిడ్, ఒంట్లో విషాలు బయటికి పోతాయంటారు కదా?

పోవు. కండల్లో చేరిన లాక్టిక్ యాసిడ్ పని ఆపిన గంటలోపు దానంతటదే మామూలుకు వస్తుంది, మర్నాటి నొప్పికి అది కారణమే కాదు. 2012లో ఒక పరిశోధన జరిగింది. 11 మంది కుర్రాళ్ళతో అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక్కొక్కరికీ ఒక కాలికి మాత్రమే మర్దన చేసి, రెండు కాళ్ళ నుంచీ చిన్న కండ ముక్క తీసి పోల్చారు. మర్దన చేసిన కాలిలో వాపు పుట్టించే సంకేతాలు తగ్గాయి. లాక్టిక్ యాసిడ్‌లో మాత్రం తేడా లేదు. మేలు ఉంది, మనం చెప్పుకునే కారణం తప్పు, అంతే. విషాలను తీసే పని కాలేయానిదీ మూత్రపిండాలదీ. ఎవరైనా మీ అరికాలికి పట్టీ అంటించి, అది నల్లబడ్డాక “చూడండి మీ విషం” అంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ఎవరు చేయించుకోకూడదు?

ఈ జవాబు తీరిగ్గా చదవండి. మా పనిలో ఎక్కడ రుద్దాలో ఆరు నెలల్లో వస్తుంది, ఎక్కడ చెయ్యి వెయ్యకూడదో తెలియడానికి ఏళ్ళు పడుతుంది.

ఒక సంగతి చెప్తాను. రాత్రంతా బస్సులో కూర్చుని దర్శనానికి వచ్చిన ఒకాయన పిక్క నొప్పి అని వచ్చాడు. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే లావుగా ఉంది. ముట్టుకుంటే ఆ ఒక్కటే వెచ్చగా ఉంది. నూనె గిన్నె పక్కన పెట్టి ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపాను. లోపలి రక్తనాళంలో గడ్డ కట్టిందని తేలింది. అలాంటి కాలిని రుద్దితే గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోయి ప్రాణం తీయొచ్చు. నా గొప్ప చెప్పుకోవడానికి రాయలేదిది. అంతకు రెండేళ్ళ ముందైతే నేనూ రుద్దేసేదాన్నే. గంటల తరబడి కదలకుండా ప్రయాణం చేశాక ఒక్క కాలే వాచి, వెచ్చబడి, నొప్పి పుడితే మర్దన మాట మరిచిపోండి.

జ్వరం ఉన్నా, గజ్జి తామర లాంటి చర్మ రోగాలున్నా, పచ్చి గాయాలున్నా తగ్గాక రండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, చిన్న ఒత్తిడికే కమిలిపోతుంది. ఉబ్బిన నరాల మీద, అంటే వెరికోస్ వెయిన్స్ మీద, నేరుగా నొక్కకూడదు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళకు వెన్ను మీద బరువు వెయ్యకూడదు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళకు మర్దన నిషేధమేమీ కాదు, చూస్తున్న డాక్టరు సరేనంటే తేలిక చేత్తో చేస్తాం. షుగరున్నవాళ్ళు తిమ్మిరెక్కిన పాదాలను వేడినీళ్ళలో పెట్టే ముందు పక్కవాళ్ళతో నీళ్ళు చూపించుకోండి. కాలేది వాళ్ళకు తెలియదు, బొబ్బ కనపడ్డాకే తెలుస్తుంది.

ఇంకోటి. ఛాతీ బరువుగా ఉండి ఎడమ చెయ్యి లాగుతుంటే “గ్యాస్ పట్టిందేమో, కాస్త రుద్దక్కా” అంటూ రాకండి. 108కి ఫోన్ చెయ్యండి.

కాలు బెణికింది. రుద్దించుకోవాలా, పుత్తూరు కట్టు కట్టించుకోవాలా?

మొదటి రెండు మూడు రోజులు ఏ చెయ్యీ పడకూడదు. బట్టలో చుట్టిన ఐసు పెట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎముక సంగతి చూడాల్సిందే. ఎక్స్‌రే తీయించండి. రుయా ఆసుపత్రి ఉంది, ఎముకలకు బర్డ్ ఆసుపత్రి ఉంది, దూరం పోనక్కర్లేదు.

పుత్తూరు కట్టు గురించి నన్ను ఇరకాటంలో పెట్టడానికే అడుగుతారని నా అనుమానం. ఆకుమందు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు దబ్బలతో కట్టే ఆ కట్టు కోసం పొరుగు రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. మా ఇంట్లోనే ఇద్దరు కట్టించుకున్నారు. నేను చెప్పేది ఒక్కటే, ముందు ఎక్స్‌రే చూసుకుని పోండి. ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చినా, కీలు దగ్గర విరిగినా అది ఆపరేషన్ పని. కట్టాక వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా అర్ధరాత్రయినా కట్టు విప్పించండి. కట్టున్న చోట నేను చెయ్యి పెట్టను. విప్పాక కీలు బిగుసుకుపోయి ఉంటుంది. అప్పుడు మర్దన కొంత సాయం, వ్యాయామం ఎక్కువ సాయం.

నడుం పట్టేసింది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళతో తొక్కించుకుంటే పోతుందంటారు?

మా ఊళ్ళో అలా పుట్టిన మామ ఒకాయన ఉండేవాడు. పొద్దున్నే వాకిట్లో ఇద్దరు ముగ్గురు బోర్లా పడుకుని ఉండేవాళ్ళు. ఆయన కాలితో అలా తాకించేవాడు, పైసా తీసుకునేవాడు కాదు. చాలామందికి తగ్గేది కూడా. హఠాత్తుగా పట్టిన నడుం చాలా వరకు కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో దానంతటదే వదులుతుంది. ఆ మామ పేరు మాత్రం నిలిచింది. ఉత్తినే కాలు తాకిస్తే నష్టం లేదు. ఎక్కి నిలబడితే ఉంది, అందులోనూ అరవై దాటినవాళ్ళ వెన్ను మీద.

అమెరికాలోని వైద్యుల సంఘం ఒకటి 2017లో ఇచ్చిన సూచనల్లో, కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మాత్రల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో వేడి కాపడంతో పాటు మర్దన కూడా ఉంది. ఏళ్ళ తరబడి ఉన్న నొప్పికి మాత్రం మర్దనతో వచ్చే ఉపశమనం కొద్దికాలమే ఉంటుంది. నడకా వ్యాయామం లేకుండా వారం వారం నా దగ్గరికి వస్తే నాకు లాభం, మీకు కాదు. నడుం నొప్పితో పాటు ఒంటేలు పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు ఈడ్చుకుపోతున్నా అదే రోజు ఆసుపత్రికి పోండి.

కటింగ్ షాపులో మెడ టక్కుమనిపిస్తారు. హాయిగా ఉంటుంది, ఏమైనా ప్రమాదమా?

ఆ చప్పుడు ఎముకలది కాదు, కీలు మధ్య ద్రవంలో బుడగ ఏర్పడే చప్పుడు. తల మర్దన వరకు సంతోషంగా చేయించుకోండి. మన మంగలి అన్నల చేతిలో ఉన్న సుఖం పెద్ద పెద్ద స్పాల్లో లేదు. మెడ విరిచే దగ్గర మాత్రం “వద్దన్నా” అనండి. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాల్లో రెండు, మెడ ఎముకల రంధ్రాల గుండానే పైకి పోతాయి. ఒక్కసారిగా మెలితిప్పితే నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అరుదే. కానీ పది సెకన్ల సరదాకు అంత పందెం ఎందుకు?

మీ దగ్గరికి ఎక్కువగా ఎవరొస్తారు?

యాత్రికులే అనుకుంటారు అందరూ. రోజూ వచ్చేది ఊరివాళ్ళే. గంటల తరబడి తల వంచి గుండ్లు గీసే క్షురకులు వస్తారు, వాళ్ళకు మెడ, కుడి బొటనవేలి మొదలు. ఘాట్‌రోడ్డు డ్రైవర్లు వస్తారు. ఆ మలుపుల్లో స్టీరింగు తిప్పీ తిప్పీ భుజం ఎముక కింద ముడి పడి ఉంటుంది. మామిడి సీజన్లో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లో నిలబడి కాయలు కోసే ఆడవాళ్ళు మడమల నొప్పితో వస్తారు. పుత్తూరు, నగరి మగ్గాల వాళ్ళు వస్తారు. ఫోన్ చూసే కుర్రాళ్ళు ఈ మధ్య అందర్నీ దాటేశారు.

ఏ నూనె మంచిది?

మన వైపు పాతవాళ్ళు మంచినూనె అనేది నువ్వుల నూనెనే. ఒంటికి అదే నా మొదటి ఎంపిక. ఎండాకాలం కొబ్బరినూనె. ఆముదం జిగట, తలకూ మడమల పగుళ్ళకూ సరే, ఒళ్ళంతా పట్టిస్తే వదిలించుకోవడానికే అరగంట. ధన్వంతరం, మహానారాయణ తైలం, క్షీరబల లాంటివి వైద్యుడు చెప్తేనే వాడతాను. వేరుశనగ, నువ్వులు పడనివాళ్ళు ముందే చెప్పాలి. నూనె వేడిగా కాదు, గోరువెచ్చగా. గిన్నెను వేడినీళ్ళలో పెట్టి కాచాలి, పొయ్యి మీద కాదు.

అభ్యంగం, స్వీడిష్, థాయ్, షియాట్సు... ఏది తీసుకోవాలి?

పేర్లు చూసి బెదరకండి. అభ్యంగమంటే గోరువెచ్చటి నూనెతో ఒళ్ళంతా పామడం. రోజూ చేసుకోమనీ, తలకూ చెవులకూ పాదాలకూ ముఖ్యంగా పట్టించమనీ వాగ్భటుడు అష్టాంగ హృదయంలో చెప్పాడు. అజీర్ణంతో ఉన్నవాడికి వద్దని కూడా అక్కడే చెప్పాడు. అన్నప్రసాదం రెండు మార్లు వడ్డించుకుని నేరుగా నా బల్ల ఎక్కేవాళ్ళకు ఆ రెండో మాట వినిపిస్తుంటాను. కిళి, పిళిచ్చిల్ కేరళ పద్ధతులు. ఒకటి మూలికల మూటతో కాపడం, ఇంకొకటి నూనె ధారగా పోయడం. వీటిని వైద్యుల ఎదుట చేయించుకోవాలనుకుంటే తిరుపతిలోనే దేవస్థానం వారి ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది.

స్వీడిష్ మసాజ్ పేరు స్వీడన్‌ది. దాని పట్లకు ఇప్పటి పేర్లు తెచ్చింది మాత్రం మెజ్గర్ అనే డచ్చి వైద్యుడని చెప్తారు. పామడం, పిసకడం, రుద్దడం, తట్టడం, వణికించడం అనే ఆ అయిదూ మా అవ్వకు పేర్లు లేకుండానే వచ్చు. థాయ్ పద్ధతిలో నూనె ఉండదు, బట్టలు వేసుకునే చాప మీద పడుకోబెట్టి సాగదీస్తారు. 2019లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. షియాట్సు జపాన్‌ది, మాటకు అర్థమే వేలి ఒత్తిడి.

పాదంలో ఫలానా చోట నొక్కితే కిడ్నీ బాగుపడుతుందా?

లేదు. పాదం మర్దన హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది. ఒంట్లో అవయవాలన్నీ పాదంలో చూపించే ఆ రంగురంగుల పటం చూసి మందులు ఆపకండి.

మనసు బాగోలేదు, నిద్ర పట్టదు. మర్దనతో తగ్గుతుందా? మధ్యలో ఏడుపొస్తే?

ఏడుపొస్తే ఏడవండి. బల్ల దగ్గర టిష్యూలు అందుకే పెట్టాను.

భర్త పోయి ఎనిమిది నెలలైన ఒకావిడ భుజం నొప్పని వచ్చింది. వీపు మీద చెయ్యి ఆనించి ఇంకా ఏమీ చెయ్యకముందే ఏడ్చేసింది. “ఆయన పోయిన కాడ్నించి నన్నెవరూ ముట్టుకోలేదమ్మా” అనింది. ఆ రోజు భుజం గురించి మేమేమీ మాట్లాడుకోలేదు. బిడ్డలు పెద్దయ్యాక, తోడు పోయాక, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళను చెయ్యేసి పలకరించే మనిషే ఉండరు. కాళ్ళకు దండం పెట్టేవాళ్ళు ఉంటారు, కాళ్ళు పట్టేవాళ్ళు ఉండరు.

కండల్లో దుఃఖం గడ్డకట్టి ఉంటుందనీ, నొక్కితే కరుగుతుందనీ కొందరు చెప్తారు. నేను నమ్మను. నాకు తెలిసింది ఇంకొంచెం మామూలు సంగతి. మన చర్మంలో ఒక రకం సన్నటి నరాలు మెల్లగా, సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరితేనే బాగా స్పందిస్తాయి. తల్లి బిడ్డను నిమిరేది సరిగ్గా ఆ వేగంతోనే. 2021 వైద్య నోబెల్ కూడా వేడినీ స్పర్శనూ పట్టుకునే గ్రాహకాలను కనిపెట్టినవాళ్ళకే వచ్చింది. ఒంటికి ఇక్కడ భయం లేదని తెలిస్తే ఊపిరి నెమ్మదిస్తుంది, అప్పటిదాకా బిగబట్టుకున్నది బయటికొస్తుంది. వరుసగా కొన్నిసార్లు చేయించుకున్నవాళ్ళలో ఆందోళన తగ్గడం పరిశోధనల్లోనూ కనిపించింది. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ దబ్బున పడిపోతుందనే ప్రచారానికి మాత్రం అంత బలం లేదు, తేడా చాలా కొద్ది.

ఇది దిగులు జబ్బుకు వైద్యం కాదు. రెండు వారాలకు పైగా ఏ పని మీదా మనసు పోకపోయినా, చావాలనిపిస్తున్నా 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టరు మందులు ఇస్తే వాడుతూ నా దగ్గరికీ రండి, రెండింటికీ తగువేమీ లేదు.

పసిబిడ్డకు నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోయొచ్చా?

పోయండి, మెత్తగా. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు రోజుకు మూడు మార్లు, పదిహేనేసి నిమిషాలు మర్దన చేస్తే మిగతావాళ్ళకన్నా 47 శాతం ఎక్కువగా బరువు పెరిగారని 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం చూపించింది. అలాంటి బిడ్డకైతే ఆసుపత్రిలో చూపించినట్టే చెయ్యాలి.

మా అవ్వ చేసిన వాటిలో నేను మానేసినవి ఉన్నాయి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వెయ్యను, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ముక్కులో ఊదను. పాలు వస్తున్నాయని పసిబిడ్డ రొమ్ములు పిండను, చీము పడుతుంది. తల గుండ్రంగా రావాలని అదమను. అవ్వ బతికుంటే నాతో మాట్లాడేది కాదు.

గర్భిణులు, బాలింతలు?

మొదటి మూడు నెలలు నేను చెయ్యను. తర్వాత డాక్టరు సరేనంటే పక్కకు పడుకోబెట్టి నడుం, భుజాలు మాత్రం. పొట్ట ముట్టను. కాన్పుకు ముందూ తర్వాతా కాళ్ళలో గడ్డ కట్టే అవకాశం మామూలు కంటే ఎక్కువ కాబట్టి పిక్కలు గట్టిగా నొక్కను. సిజేరియన్ అయితే కుట్లు మానేదాకా ఆగండి.

బట్టలన్నీ తీయాలా? ఆడవాళ్ళకు ఎవరు చేస్తారు? చెప్పాలంటే భయంగా ఉంది.

భయం న్యాయమే. మసాజ్ బోర్డు చాటున జరిగే వేరే వ్యాపారాల వల్ల నిజంగా పని చేసేవాళ్ళం కూడా ఇంటి అద్దెకు అడిగినప్పుడు తల వంచుకోవాల్సి వస్తోంది. మా దగ్గర ఆడవాళ్ళకు నేను, మగవాళ్ళకు మా తమ్ముడు. మీకు ఇబ్బంది లేనంత వరకే బట్టలు తీయండి. దుప్పటి కప్పే ఉంటుంది, చేస్తున్న భాగం వరకే తీస్తాం. రొమ్ముల మీద, మర్మాంగాల దగ్గర చెయ్యి పడదు. తలుపుకు లోపల గడియ వెయ్యం. కావాలంటే మీ అత్తగారో అక్కో పక్కన కూర్చోవచ్చు. నడుమ ఏ క్షణాన వద్దన్నా ఆపేస్తాం, కారణం అడగం. ఎక్కడికి పోయినా ఇవి అడగండి. అడిగితే ముఖం మాడ్చుకునే చోటు నుంచి లేచి వచ్చేయండి. మీతో తప్పుగా ప్రవర్తించినవాడు ఎంత పేరున్న వైద్యుడైనా పోలీసులకు చెప్పండి, అందులో మీ పరువుకు వచ్చిన లోటేమీ లేదు.

నొప్పి పుట్టేలా చేస్తేనే పని చేసినట్టా?

మా తమ్ముడి దగ్గరకొచ్చే మగవాళ్ళ నమ్మకం ఇది. “ఇంకా గట్టిగా, ఇంకా” అంటారు, మర్నాడు వీపు కమిలిందని ఫోన్ చేస్తారు. పదికి ఆరు అనిపించే ఒత్తిడి చాలు. ఊపిరి బిగబట్టాల్సి వస్తే ఎక్కువైనట్టే.

ఎన్నాళ్ళకోసారి? ప్యాకేజీ ఉందా?

ప్యాకేజీ లేదు. కొత్త నొప్పికి వారానికోసారి చొప్పున మూడుసార్లు చూద్దాం, మార్పు లేకపోతే నేనే వద్దంటాను. హాయి కోసమైతే మీ ఇష్టం, మీ డబ్బు.

ఇంట్లో మేమే చేసుకోవచ్చా?

ఇదే ఎక్కువమంది చెయ్యాల్సింది. రాత్రి పడుకునే ముందు చెంచాడు నువ్వుల నూనె గోరువెచ్చగా చేసుకోండి. ఇంట్లో ఒకరి పాదాలు ఇంకొకరు ఒళ్ళో పెట్టుకోండి. అరిచేత్తో మడమ నుంచి వేళ్ళ దాకా పది మార్లు మెల్లగా పామండి. బొటనవేళ్ళతో అరికాలి మధ్యలో చిన్న చిన్న సున్నాలు చుట్టండి. వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని నెమ్మదిగా లాగండి, విరవకండి. చీలమండ చుట్టూ నిమిరి, పిక్క మీద కింది నుంచి పైకి పోండి. కాలికి అయిదు నిమిషాలు చాలు. టీవీ ఆపితే మంచిది, ఆపకపోయినా పనవుతుంది.

అయ్యాక పాత తువ్వాలుతో అరికాళ్ళు పొడిగా తుడిచి, సాక్సు తొడిగి, అప్పుడు లేవనివ్వండి. నూనె కాళ్ళతో గచ్చు మీద జారి నడుం పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఈ ఏడాదిలోనే ముగ్గురు.